జానెడున్నర పొడవుకు చెల్లించే మూల్యం

అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో షేర్ జీపు అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. వారపు సంతకు పసుపు బస్తా చేరాలన్నా, జ్వరం వచ్చిన మనిషి ఆసుపత్రికి వెళ్లాలన్నా బస్సు రాని దారిలో అదే దిక్కు. లోపలి సీట్లు నిండాక వెనక ఫుట్‌బోర్డు నిండుతుంది, ఆ తర్వాత పైకప్పు నిండుతుంది. ఉత్తరాఖండ్ కొండల్లోనూ, ఈశాన్య రాష్ట్రాల లోయల్లోనూ, నేపాల్ పల్లెల్లోనూ జీపు చేసే చాకిరీ ఇదే. ఇలాంటి చోట బండి యజమానికి ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆలోచన వస్తుంది: దీన్ని కాస్త పొడవు చేయిస్తే?

పాత జీపు ఛాసిస్‌ను మధ్యలో కోసి, ఇనుప ముక్క అతికించి, వెనక ఇరుసును వెనక్కి జరపడం కొత్త పద్ధతేమీ కాదు. దాన్ని పూర్తిగా తప్పని కొట్టిపారేయడం తేలిక. "ఇన్నాళ్లుగా నడుస్తున్నాయి కదా, ఏమవుతుందిలే" అని వదిలేయడం ఇంకా తేలిక. ఈ రెండు వైఖరులూ సరైనవి కావు. పొడవు పెంచడం వల్ల నిజమైన లాభాలు ఉన్నాయి. ఆ లాభాలకు ధర కూడా ఉంది. లాభమూ ధరా రెండూ కాగితం మీద లెక్కకట్టగలిగినవే. లెక్కకు అందే విషయాన్ని ఊహకూ, ఒక వెల్డింగ్ పనివాడి చేతి నేర్పుకూ వదిలేసి అందులో పదిమందిని ఎక్కించడం ఎందుకన్నదే ఇక్కడి ప్రశ్న.

పొట్టి బండి వెనక ఉన్న లెక్క

ముందు చక్రం మధ్య బిందువు నుంచి వెనక చక్రం మధ్య బిందువు దాకా ఉండే దూరాన్ని వీల్‌బేస్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుకు ఇది 80 అంగుళాలు, అంటే సుమారు 2,032 మిల్లీమీటర్లు. 1948లో వచ్చిన మొదటి ల్యాండ్ రోవర్‌కూ అదే 80 అంగుళాలు. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మహీంద్రా మన దేశంలో జీపుల తయారీకి పునాది వేసినప్పుడు ఆ పొట్టి కొలతే ఇక్కడికీ వచ్చింది.

పొట్టిగా ఉంచడానికి కారణం ఎడ్లబండిని చూస్తే అర్థమవుతుంది. రెండెడ్ల బండికి ఒకటే ఇరుసు, పెద్ద చక్రాలు. పొలం గట్టు ఎక్కి దిగేటప్పుడు బండి అడుగు భాగం గట్టుకు తగలదు, ఎందుకంటే గట్టు పైకి చక్రమే వస్తుంది. నాలుగు చక్రాల బండికి ఆ సౌకర్యం లేదు. ముందు చక్రాలు గట్టు దాటి కిందికి దిగాక, వెనక చక్రాలు ఇంకా ఇవతలే ఉంటాయి. మధ్యలో బండి కడుపు గట్టు మీద ఆనుకుంటే చక్రాలకు పట్టు పోతుంది, బండి అక్కడే తిష్ఠ వేస్తుంది. ఇలా ఆనుకోకుండా దాటగల అత్యధిక కోణాన్ని ఇంజనీర్లు బ్రేకోవర్ కోణం అంటారు. కోణం ఎంత పెద్దదైతే బండి అంత నిటారు మిట్టను దాటుతుంది.

ఒక సరళమైన లెక్క చూద్దాం. రెండు చక్రాలకు సరిగ్గా మధ్యలో బండి కడుపు నేలకు 25 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, టైరు గుండ్రనాన్ని లెక్కలోకి తీసుకోకుండా, 2 మీటర్ల వీల్‌బేస్‌కు ఈ కోణం సుమారు 28 డిగ్రీలు. వీల్‌బేస్‌ను 2.5 మీటర్లకు పెంచితే అది 22.6 డిగ్రీలకు పడిపోతుంది. పోయిన కోణాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే కడుపు ఎత్తును 31 సెంటీమీటర్లు దాటించాలి. అలా ఎత్తితే గురుత్వ కేంద్రం కూడా పైకి పోతుంది, పక్క వాలులో బండి బోల్తాపడే ప్రమాదం పెరుగుతుంది. ఒక చోట లాగితే ఇంకో చోట ముడుచుకునే గుడ్డ లాంటిది ఈ లెక్క.

కంపెనీయే చేసి చూపిన ప్రయోగం

ఈ మార్పిడి నిజమైన బండిలో ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. సుజుకి జిమ్నీ మూడు తలుపుల నమూనాకు వీల్‌బేస్ 2,250 మిల్లీమీటర్లు. 2023లో భారత్‌లో మారుతి సుజుకి తెచ్చిన అయిదు తలుపుల జిమ్నీకి 2,590. తేడా 340 మిల్లీమీటర్లు, అంటే సుమారు జానెడున్నర. రెండింటికీ గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లే, టైర్ల కొలత కూడా ఒకటే. మారింది ముఖ్యంగా పొడవే.

ఫలితం కంపెనీ ప్రకటించిన అంకెల్లోనే ఉంది. బ్రేకోవర్ కోణం 28 డిగ్రీల నుంచి 24కు తగ్గింది. మలుపు తిరగడానికి కావలసిన వ్యాసార్ధం 4.9 మీటర్ల నుంచి 5.7 మీటర్లకు పెరిగింది. వీల్‌బేస్ 15 శాతం పెరిగితే కోణం దాదాపు అదే నిష్పత్తిలో తగ్గింది, మలుపు దాదాపు అదే నిష్పత్తిలో విశాలమైంది. ఘాట్ రోడ్డు హెయిర్‌పిన్ మలుపులో ఈ 80 సెంటీమీటర్లు ఏమిటో డ్రైవర్లకు చెప్పనక్కరలేదు. ఒక్క తిప్పులో తిరిగే బండి, వెనక్కి వచ్చి మళ్లీ తిప్పాల్సిన బండి అవుతుంది. ఆ వెనక్కి వచ్చే వైపు లోయ ఉండవచ్చు.

ఇక్కడ కొనుగోలుదారులు తరచూ పొరబడే సంగతి ఒకటి ఉంది. ప్రకటనల్లో కనిపించే గ్రౌండ్ క్లియరెన్స్ అంకెను చూసి బండి కడుపంతా అదే ఎత్తులో ఉంటుందనుకుంటారు. జీపు తరహా బండ్లలో నేలకు అతి దగ్గరగా ఉండేది చాలాసార్లు ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్. అది చక్రాలతో పాటే మిట్ట ఎక్కుతుంది. మిట్ట మీద ఆనుకునేది రెండు ఇరుసుల మధ్య భాగం. కాబట్టి పొడవు పెంచిన తర్వాత కూడా గ్రౌండ్ క్లియరెన్స్ అంకె అలాగే ఉంటుంది, మిట్ట దాటే శక్తి మాత్రం తగ్గిపోతుంది. ఆ అంకెను చూసి ధైర్యం తెచ్చుకోవడం తప్పు లెక్క.

పొడవు ఇచ్చే మేలు

ఇంత నష్టం ఉంటే పొడవు ఎందుకు? ఎందుకంటే కొండదారిలో మిట్టలూ మలుపులే కాదు, నిటారు వాలులూ, బరువులూ కూడా ఉంటాయి.

వాలు ఎక్కేటప్పుడు బరువు ముందు చక్రాల నుంచి వెనక చక్రాల మీదికి జరుగుతుంది. గురుత్వ కేంద్రం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు ఇరుసులకు నడిమధ్య ఉందనుకుందాం. సమతలం మీద ముందు, వెనక చెరి సగం బరువు మోస్తాయి. 30 డిగ్రీల వాలు మీద 2,032 మిల్లీమీటర్ల బండిలో ముందు చక్రాల వాటా సుమారు 30 శాతానికి పడిపోతుంది. 2,600 మిల్లీమీటర్ల బండిలో 34 శాతానికి పైగా మిగులుతుంది. ముందు చక్రాల మీద బరువుంటేనే స్టీరింగ్ మాట వింటుంది, ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు చక్రాలు లాగుతాయి. రాళ్ల గెడ్డలోంచి ఒడ్డెక్కే చోట పొడుగు బండి స్థిమితంగా ఎక్కడానికి కారణం ఇదే.

రెండో మేలు ఇంకా ముఖ్యమైనది. పొట్టి జీపులో ఎక్కువ మందిని ఎక్కిస్తే వాళ్లు వెనక ఇరుసుకు వెనకాల చేరతారు. అయిదుగురి బరువు సుమారు 300 కిలోలు, అది వెనక ఇరుసుకు 80 సెంటీమీటర్లు వెనకగా పడితే, 2 మీటర్ల వీల్‌బేస్ బండిలో ముందు చక్రాల మీద నుంచి 120 కిలోల బరువు పైకి లేచిపోతుంది. వెనక ఇరుసు మోయాల్సింది 300 కాదు, 420 కిలోలు. త్రాసు ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టే. అదే ఇరుసును అరమీటరు వెనక్కి జరిపితే ఆ మనుషులు ఇరుసుకు 30 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటారు, ముందు చక్రాలు కోల్పోయేది 36 కిలోలకు మించదు. ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంతో కొండెక్కే పొట్టి జీపు కంటే, సరిగ్గా రూపొందించిన పొడుగు జీపు ఎన్నో రెట్లు మేలు. పొడవు పెంచాలనే కోరిక వెనక ఉన్నది మూర్ఖత్వం కాదు, నిజమైన అవసరం.

మూడోది కుదుపు. 10 సెంటీమీటర్ల రాయి మీదికి ముందు చక్రాలు ఎక్కితే 2 మీటర్ల బండి సుమారు 2.9 డిగ్రీలు వంగుతుంది, 2.5 మీటర్ల బండి 2.3 డిగ్రీలు. ఆరోగ్యంగా ఉన్న ప్రయాణికుడికి ఇది చిన్న తేడా. కాన్పు నొప్పులతో ఉన్న మనిషికి, కాలు విరిగిన మనిషికి చిన్నది కాదు. పైగా పెద్దమనిషి కాళ్లు చాపుకుని పడుకోవాలంటే ఆరడుగుల చోటు కావాలి. డ్రైవర్ సీటు వెనక అంత చోటు పొట్టి జీపులో దొరకదు. ఏజెన్సీ గ్రామాల నుంచి రోగులను ఇప్పటికీ డోలీలో మోసుకొచ్చే పరిస్థితి ఉన్నప్పుడు, కొండదారి బండి పొడవు షోకుకు సంబంధించిన విషయం కాదు.

కంటికి కనబడని కోత

లాభాలు ఇంత స్పష్టంగా ఉంటే అభ్యంతరం ఎక్కడ? పొడవు పెంచే పద్ధతిలో.

ఛాసిస్‌ను రెండు చివర్లా ఆనించి మధ్యలో బరువు వేసిన దూలంతో పోల్చవచ్చు. అదే దూలాన్ని 2 మీటర్ల నుంచి 2.5 మీటర్లకు సాగదీస్తే, అదే బరువుకు నడుమ దగ్గర లోహం లోపల పుట్టే ప్రతిబలం 25 శాతం పెరుగుతుంది. వంగే లోతు పొడవు ఘనానికి అనులోమంగా ఉంటుంది కనుక దాదాపు రెట్టింపవుతుంది. లోహం అలసట సంగతి ఇంకా కఠినం. వెల్డింగ్ అతుకుల ఆయుష్షు ప్రతిబలం ఘనానికి విలోమంగా తగ్గుతుందని ఇంజనీర్లు లెక్కవేస్తారు. అంటే 25 శాతం అదనపు ప్రతిబలానికి ఆయుష్షు సగమవుతుంది. పొడవు పెరిగింది కదా అని బరువు కూడా 25 శాతం పెంచితే ఆయుష్షు నాలుగో వంతుకు చేరుతుంది.

అసలు ఛాసిస్‌లో ఆ చోట అతుకే లేదు. అతుకు వేసినప్పుడు దాని పక్కనున్న ఉక్కు వేడికి గుణం మార్చుకుంటుంది. పగులు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. నిలువుగా ఒకే గీత మీద కోసి అతికిస్తే పగులుకు దారి వేసి ఇచ్చినట్టే. మెట్టు ఆకారంలో కోయడం, లోపల తొడుగు పెట్టడం, పైనా కిందా ఉండే అంచుల్లో రంధ్రాలు వేయకపోవడం వంటి జాగ్రత్తలు ఉన్నాయి. మంచి పనివాళ్లకు ఇవి తెలుసు కూడా. కానీ లోపల మిగిలిన చిన్న గాలి బుడగ కంటికి కనబడదు. రంగు వేశాక అసలే కనబడదు. "పదేళ్లుగా నడుస్తోంది" అనే వాదనలోని లోపం ఇదే. అలసట వల్ల వచ్చే పగులు మొదటి రోజు రాదు, లక్షల కుదుపుల తర్వాత వస్తుంది. పైగా విరిగిన బండ్లు పాత ఇనుప కొట్టుకు పోతాయి, రోడ్డు మీద కనబడేవి విరగనివే. మిగిలినవాటిని చూసి అన్నీ బాగున్నాయనుకోవడం విజ్ఞానశాస్త్రం ఒప్పుకునే సాక్ష్యం కాదు.

గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ది మరో కథ. ఏ షాఫ్ట్‌కైనా ఒక సంక్లిష్ట వేగం ఉంటుంది. ఆ వేగానికి చేరితే అది గెంతుతాడులా విల్లులాగ వంగి కొట్టుకుంటుంది. గొట్టం మందం, వ్యాసం మారకపోతే ఆ వేగం పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 60 సెంటీమీటర్ల షాఫ్ట్‌ను 110 సెంటీమీటర్లు చేస్తే సంక్లిష్ట వేగం మునుపటి దానిలో 30 శాతానికి పడిపోతుంది. అడవి దారిలో నెమ్మదిగా పోయినంతసేపు ఏమీ తెలియదు. తారు రోడ్డెక్కి వేగం పెంచినప్పుడు బయటపడుతుంది. దీనికి పరిష్కారాలు ఉన్నాయి. లావు గొట్టం వాడవచ్చు, లేదా షాఫ్ట్‌ను రెండు ముక్కలు చేసి మధ్యలో బేరింగ్ పెట్టవచ్చు. ఏది ఎంత అన్నది లెక్క చెప్పాలి.

బ్రేకుల పరిస్థితీ అంతే. బండి ఆగేటప్పుడు బరువు ముందుకు జరుగుతుంది. వీల్‌బేస్ పెరిగితే ఆ జరగడం తగ్గుతుంది. ముందు, వెనక బ్రేకుల మధ్య కంపెనీ పెట్టిన పంపకం పాత పొడవుకు సరిపోయేది. బ్రేకు పైపులు, హ్యాండ్ బ్రేకు తీగ, డీజిల్ పైపు, వైరింగ్ అన్నీ కొత్త పొడవుకు మళ్లీ అమర్చుకోవాలి. ఒక్క కోత కోసినట్టు కనిపించినా, నిజానికి బండినంతా మళ్లీ రూపొందించినట్టే.

సాగదీసిన బండ్లు కొత్తవి కావు

పొడవు పెంచడం అసలు కూడని పనే అయితే చరిత్ర వేరుగా ఉండేది. ల్యాండ్ రోవర్ 80 అంగుళాలతో మొదలై, 1950లలోనే 86, 107 అంగుళాల నమూనాలు తెచ్చింది. తర్వాత డీజిల్ ఇంజన్‌కు చోటు కోసం వాటినీ రెండేసి అంగుళాలు పెంచి 88, 109 చేసింది. మన దేశంలో సైన్యం, పోలీసులు దశాబ్దాలు నమ్ముకున్న మారుతి జిప్సీ కూడా సాగదీసిన బండే. దానికి మూలమైన సుజుకి పొట్టి నమూనా వీల్‌బేస్ 2,030 మిల్లీమీటర్లు, 1985లో మొదలైన జిప్సీది 2,375. మహీంద్రా థార్ 2,450 నుంచి 2024లో థార్ రాక్స్‌తో 2,850కి వెళ్లింది.

వీటికీ షెడ్డులో కోసిన బండికీ తేడా పొడవులో లేదు, పరీక్షలో ఉంది. కంపెనీ బండి అమ్మకానికి రాకముందు దాని నమూనా పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థల పరీక్షలు దాటాలి. షెడ్డులో తయారైన బండికి మొదటి పరీక్ష మొదటి ప్రయాణమే, పరీక్షకులు ప్రయాణికులే.

చట్టం మూసిన తలుపు, వదిలిన కిటికీ

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. వీల్‌బేస్ ఆ వివరాల్లో ఒకటి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా బండి నిర్మాణాన్ని మార్చరాదని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించారు.

ఈ కట్టడి అవసరమే. కానీ నిషేధం ఒక్కటే ఉంటే అవసరం మాయమైపోదు, చాటుకు పోతుంది. చాటున జరిగే పనిలో జాగ్రత్త ఇంకా తగ్గుతుంది. అదే 52వ సెక్షన్‌లో, నిర్దిష్ట ప్రయోజనం కోసం మార్పులకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి వదిలారు. కొండ ప్రాంతాల రోగుల వాహనం కంటే నిర్దిష్టమైన ప్రయోజనం ఇంకేముంటుంది? ఒకటి రెండు ప్రామాణిక పొడవులకు నమూనాలు తయారుచేయించి, ఏఆర్‌ఏఐలోనో, రక్షణ వాహనాలను రూపొందించి పరీక్షించే డీఆర్‌డీఓ సంస్థ వీఆర్‌డీఈలోనో పరీక్షించి, ఎంపిక చేసిన వర్క్‌షాపులకు మాత్రమే ఆ పని అప్పగించవచ్చు. ప్రతి అతుకునూ అల్ట్రాసౌండ్ వంటి పద్ధతులతో తనిఖీ చేయవచ్చు. ఖర్చు ఎక్కువంటారేమో. వందల బండ్లకు ఒకే నమూనా కాబట్టి పరీక్ష ఖర్చు ఒక్కసారిదే. ప్రతి షెడ్డూ ప్రతిసారీ కొత్త ప్రయోగం చేయడమే అసలైన వృథా.

బండి కంటే ముందు దారి

ఈ చర్చలో మరచిపోయే మూడో మార్గం ఒకటుంది. బ్రేకోవర్ కోణం బండికి ఎంత ముఖ్యమో, దారిలోని మిట్టకూ అంతే ముఖ్యం. ఒక అడవి దారిలో పొడుగు బండి కడుపు తగిలే చోట్లు సాధారణంగా కొన్నే ఉంటాయి: నిటారుగా లేచే కల్వర్టు అంచు, వాగు ఒడ్డు, కోసుకుపోయిన గండి. కల్వర్టుకు రెండు వైపులా కాస్త దూరం వరకు మట్టీ రాళ్లూ పరిచి వాలు తగ్గిస్తే, 24 డిగ్రీల బండి కూడా 28 డిగ్రీల బండి లాగే దాటిపోతుంది. నాలుగు డిగ్రీలను ఛాసిస్ కోసి పోగొట్టుకోవడం కంటే, పార పట్టి దారిలో సంపాదించడం చవక. పంచాయతీకి కావలసింది ఒక కొలత కర్ర, కాస్త లెక్క.

సరకు కోసమే అయితే ట్రైలర్ ఉంది. యుద్ధకాలపు జీపులే చిన్న ట్రైలర్లను లాగేవి. ట్రైలర్ తగిలిస్తే పొడవు పెరుగుతుంది గానీ మధ్యలో కీలు ఉంటుంది, కాబట్టి జీపు బ్రేకోవర్ కోణం చెక్కుచెదరదు. మనుషులకు, రోగులకు అది తగదు. బస్తాలకు చాలు. బస్తాలు ట్రైలర్‌లోకి వెళితే జీపులో మనుషులకు చోటు మిగులుతుంది.

కాబట్టి పొట్టి మంచిదా, పొడుగు మంచిదా అన్న ప్రశ్నకు బండిలో జవాబు లేదు. హెయిర్‌పిన్ మలుపులూ గట్లూ ఎక్కువగా ఉన్న దారికి పొట్టి బండి, నిటారు వాలులూ జనమూ ఎక్కువగా ఉన్న దారికి పొడుగు బండి. ముందు దారిని కొలవాలి, తర్వాత బండిని ఎంచుకోవాలి. రెండూ కుదరకపోతే అప్పుడు పొడవు పెంచే మాట. ఆ పని చేసేటప్పుడు జానెడున్నరకు పోయే నాలుగు డిగ్రీలు, సగమయ్యే అతుకు ఆయుష్షు, మూడో వంతుకు పడే షాఫ్ట్ వేగం ముందే కాగితం మీద ఉండాలి. ఆ కాగితం సిద్ధం చేసే సంస్థలు దేశంలో ఉన్నాయి, దాన్ని ఆమోదించే అధికారం చట్టంలో ఉంది. కొండ మీది మనిషికి కావలసింది ఆ రెండూ ఒకచోట చేరడం. అప్పటిదాకా ఆ లెక్కను వేస్తున్నది, దానికి పూచీ పడుతున్నది వెనక సీట్లో కూర్చున్న ప్రయాణికుడు.